నీట్ కటాఫ్ ఏటా పెరుగుతోందా? ఒక సందేశానికి జవాబు

వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్ ఫలితాల రోజులు దగ్గరపడితే చాలు, ఒక సందేశం ఫోన్ల నుంచి ఫోన్లకు పాకడం మొదలవుతుంది. మాటలు ఒకటి రెండు మారినా సారం ఇదే:

“వైద్య విద్య ఆశిస్తున్న తల్లిదండ్రులకు హెచ్చరిక! నీట్ కటాఫ్ 2022లో 117, 2023లో 137, 2024లో 162. ఏటా పెంచుకుంటూ పోతున్నారు. ఎంత పెంచాలన్నది పైవాళ్ల ఇష్టం, ఫలితాలు వచ్చాక కూడా మార్చేస్తారు. పేపరు కఠినంగా వస్తే మన పిల్లలు మునిగినట్టే. 600 దాటకపోతే ప్రభుత్వ కళాశాలను మరచిపోండి. కటాఫ్ దాటితే మాత్రం ఎక్కడో ఒక చోట సీటు ఖాయం. ఆలస్యం చేయకుండా లాంగ్‌టర్మ్‌లో చేర్పించండి. పది మందికి పంపండి.”

జూనియర్ కళాశాలలో జువాలజీ చెప్పే నాకు ఇది ప్రతి వేసవిలోనూ పదుల సార్లు చేరుతుంది. పంపేవాళ్లు చెడ్డవాళ్లు కారు, భయపడిన తల్లులూ తండ్రులూ. అందుకే దీన్ని నవ్వి వదిలేయలేను. ఇందులో మొదటి మూడు అంకెలు నిజమే. వాటిని చూసి మిగతా సందేశాన్ని కూడా నమ్ముతున్నారు. ఒక్కొక్క మాటా తీసుకుని చూద్దాం.

“ఏటా పెంచుకుంటూ పోతున్నారు.”

సందేశం 2022 దగ్గర ఎందుకు మొదలైందో ఆలోచించండి. జనరల్ విభాగంలో కటాఫ్, అంటే అర్హత మార్కు, 2019లో 134, 2020లో 147, 2021లో 138, 2022లో 117. అంటే 2020 నుంచి 2022 లోపు 30 మార్కులు పడిపోయింది. ఆ లోతు నుంచి లెక్క మొదలుపెడితే ఏదైనా ఎక్కుతున్నట్టే కనిపిస్తుంది. 2024లో 162కు చేరింది, 2025లో మళ్లీ 144కు దిగింది. సందేశం మాత్రం 2024 దగ్గరే ఆగిపోయింది. 2025 అంకె కలిపితే భయపెట్టడం కుదరదు మరి.

“ఎంత పెంచాలన్నది పైవాళ్ల ఇష్టం.”

పిల్లల మనసును ఎక్కువగా నలిపేది ఈ మాటే. ఎవరో ఢిల్లీలో కూర్చుని ఈసారి గీత ఇక్కడ గీద్దాం అనుకుంటారన్న ఊహ వాళ్లను కుంగదీస్తుంది. కానీ నిబంధనల్లో మార్కు అనేదే లేదు. అక్కడ ఉన్నది పర్సంటైల్. జనరల్ విభాగానికి 50వ పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40వ పర్సంటైల్, జనరల్ విభాగంలోని దివ్యాంగులకు 45వ పర్సంటైల్. ఇవి ఏటా మారేవి కావు.

పర్సంటైల్‌ను శాతం అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతోంది. “720లో సగం 360 కదా, 144కే అర్హత ఏమిటి?” అని చదువుకున్న తండ్రులే అడుగుతారు. ఎంసెట్ రోజుల్లో 160 మార్కులకు పరీక్ష రాసి, మార్కునే కొలతగా చూసి పెరిగిన తరం మనది. పర్సంటైల్ వేరే సంగతి. పరీక్ష రాసిన వంద మందిని మార్కుల వరుసలో నిలబెట్టండి. సరిగ్గా నడుమ నిలిచిన విద్యార్థికి ఎన్ని వస్తే అదే ఆ ఏడాది 50వ పర్సంటైల్ మార్కు. ఆ విద్యార్థికి 162 వస్తే కటాఫ్ 162, 144 వస్తే 144. దాన్ని నిర్ణయించేది ఆ ఏడాది రాసిన 20 లక్షల పైచిలుకు పిల్లల జవాబు పత్రాలే. పరీక్ష జరిగి, పత్రాలు దిద్ది, అందరినీ వరుసలో పెట్టేదాకా ఆ మార్కు ఎవరికీ తెలియదు. ఫలితాలకు ముందే “ఈసారి అంచనా కటాఫ్” అంటూ వచ్చే వీడియోలు చేసేవారికీ తెలియదు.

“ఫలితాలు వచ్చాక కూడా మార్చేస్తారు.”

ఇందులో కొంత నిజం ఉంది. 2024లో అదే జరిగింది, జూన్‌లో 164గా ప్రకటించిన కటాఫ్ జూలైలో 162 అయింది. ఎందుకు మారిందో చెబితే ఈ మాటలోని విషం విరిగిపోతుంది.

ఆ ఏడాది భౌతికశాస్త్రంలో పరమాణువుల గురించిన ఒక ప్రశ్నకు పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రకారం ఒక జవాబు, కొత్త పుస్తకం ప్రకారం మరో జవాబు వచ్చాయి. పరీక్ష సంస్థ రెండింటికీ మార్కులు ఇచ్చింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఐఐటీ ఢిల్లీ నుంచి ముగ్గురు నిపుణులు పరిశీలించి, ఒక్క జవాబే సరైనదని తేల్చారు. దాంతో రెండో జవాబు గుర్తించిన 4 లక్షల మందికి పైగా పిల్లలు ఆ ప్రశ్నకు వచ్చిన 4 మార్కులు కోల్పోయారు, తప్పు జవాబుకు మరో మార్కు కోత పడింది. మొత్తం 5 మార్కులు. 720కి 720 వచ్చినవారు అప్పటికి 61 మంది ఉంటే, సవరించిన ఫలితాల్లో 17 మందే మిగిలారు. అంతమంది మార్కులు తగ్గేసరికి వరుసలో నడుమ ఉన్న మార్కూ రెండు తగ్గింది. ఎవరి ఇష్టమూ కాదు, లెక్క సరిదిద్దితే దాని వెంట కటాఫ్ కూడా కదిలింది. పాత పుస్తకం చదివిన పాపానికి 5 మార్కులు పోగొట్టుకున్న పిల్లల బాధ నాకు తెలుసు, దాన్ని తేలిక చేయను. కానీ అది ప్రశ్న తయారు చేసినవారి తప్పు. కటాఫ్ పెంచే కుట్ర కాదు.

ఇంకో మార్పు కూడా నిబంధనల్లోనే ఉంది. అర్హులు తగినంత మంది లేక సీట్లు మిగిలిపోతే కేంద్రం అర్హత పర్సంటైల్‌ను తగ్గించవచ్చు. 2020-21లో దంతవైద్య సీట్ల కోసం 10 పర్సంటైల్ తగ్గింది. 2023లో పీజీ ప్రవేశాలకు అన్ని విభాగాల్లోనూ సున్నాకు దించారు. సున్నాకు దించడం వైద్య విద్యకు మంచిదా అన్నది వేరే చర్చ, నాకు అది నచ్చలేదు. కానీ గమనించండి, ఈ అధికారం గీతను కిందికి దించడానికే. పరీక్ష అయ్యాక పర్సంటైల్‌ను పైకి జరిపే వీలు నిబంధనల్లో లేదు.

“పేపరు కఠినంగా వస్తే మునిగినట్టే.”

2025 మే 4న జరిగిన పరీక్షే దీనికి జవాబు. భౌతికశాస్త్రం ప్రశ్నలు చూసి హాలులోంచి ఏడుస్తూ వచ్చిన పిల్లలను నేను ఓదార్చాను. ఆ ప్రశ్నలు అందరికీ కఠినమే. అందరి మార్కులూ తగ్గాయి, దేశంలో మొదటి ర్యాంకుకు వచ్చినవి 686. కటాఫ్ 144కు దిగింది.

“600 దాటకపోతే ప్రభుత్వ కళాశాలను మరచిపోండి.”

నాకు తెలిసిన ఒక ఇంట్లో అన్న 2024లో, చెల్లెలు 2025లో నీట్ రాశారు. అన్నకు 600 పైన వచ్చాయి, చెల్లెలికి అంతకన్నా దాదాపు వంద తక్కువ. ఫలితం చూసుకున్న రాత్రి ఆ అమ్మాయి అన్నం ముట్టలేదు. తండ్రి నాకు ఫోన్ చేసి, “సార్, అబ్బాయికి 600 దాటినా ప్రభుత్వ సీటు రాలేదు. ఇక అమ్మాయికి ఎక్కడ వస్తుంది?” అన్నారు. ర్యాంకు ఎంత అని అడిగాను. చూడలేదన్నారు. అప్పుడు చూశారు. అన్న ర్యాంకు కంటే చెల్లెలి ర్యాంకే మెరుగ్గా ఉంది. చాలాసేపు ఫోన్‌లో ఆయన మాట్లాడలేదు.

దీనికి కారణం అంకెల్లోనే ఉంది. 2024లో దేశం మొత్తంలో 650 దాటినవారు 30 వేల పైచిలుకు. 2025లో 73 మంది. 600 దాటినవారందరినీ కలిపినా 2025లో 1,400 మంది లేరు. దేశంలో ప్రభుత్వ ఎంబీబీఎస్ సీట్లు 50 వేలకు పైనే ఉన్నాయి. సందేశం చెప్పినట్టు 600 దాటినవారికే ఆ సీట్లు ఇస్తే, తక్కిన తరగతి గదులు ఖాళీగా ఉండాలి. ఉన్నాయా? ఆ ఏడాది ప్రభుత్వ కళాశాలల్లో చేరినవారిలో అత్యధికులు 600 లోపు మార్కులవారే.

ఒక ఏడాది మార్కును మరో ఏడాది మార్కుతో పోల్చడం అంటే తూకం రాళ్లు మార్చి తూచడమే. 2021 నుంచి 2024 వరకు కొన్ని ప్రశ్నలను వదిలేసే వెసులుబాటు ఉండేది, 2022 నుంచి సమయం కూడా 3 గంటల 20 నిమిషాలు. 2025లో రెండూ పోయాయి, 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. పోల్చవలసింది ర్యాంకును. దానిలోనూ సొంత రాష్ట్రం మెరిట్ జాబితాలో, సొంత విభాగంలో, సొంత స్థానిక ప్రాంతంలో ఎక్కడ నిలిచామన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధి వేరు, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధి వేరు. బీసీ-ఏ నుంచి బీసీ-ఈ దాకా ఒక్కొక్క విభాగానికీ చివరి ర్యాంకు వేరు. ఇన్ని ఉండగా అందరికీ కలిపి 600 అనే ఒక్క గీత ఎక్కడి నుంచి వచ్చింది?

సీటు దక్కే చివరి ర్యాంకు కూడా ఏడాదికి ఏడాదికీ కాస్త కదులుతుంది, కాదనను. కానీ ఇటీవల అది ఎక్కువగా పిల్లలకు అనుకూలంగానే కదిలింది. 2014లో దేశంలో 51 వేల చిల్లర ఎంబీబీఎస్ సీట్లు ఉంటే ఇప్పుడు లక్ష దాటి చాలా దూరం వచ్చాం. ఒక్క 2023లోనే తెలంగాణలో 9 కొత్త ప్రభుత్వ కళాశాలలు, ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో 5 మొదలయ్యాయి.

“కటాఫ్ దాటితే ఎక్కడో ఒక చోట సీటు ఖాయం.”

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట ఇది. పైన భయపెట్టిన సందేశమే ఇక్కడ ఆశ చూపిస్తోంది, రెండూ అబద్ధాలే. 2025లో పరీక్ష రాసినవారు 22 లక్షల పైన, అర్హత సాధించినవారు 12.36 లక్షలు. ప్రభుత్వ, ప్రైవేటు కళాశాలలన్నీ కలిపినా ఎంబీబీఎస్ సీట్లు సుమారు 1.2 లక్షలు. అర్హులు పది మంది ఉంటే సీటు ఒక్కరికి. కటాఫ్ అంటే కౌన్సెలింగ్ గడప ఎక్కే అర్హత మాత్రమే. మెరిట్ మీద తక్కువ ఫీజుతో దొరికే కన్వీనర్ కోటా సీటు దానికి ఎంతో పైన ఉంటుంది.

మరి కటాఫ్ ఎవరికి ముఖ్యం? ప్రైవేటు కళాశాలల్లో ఎక్కువ ఫీజు కట్టి యాజమాన్య కోటాలో చేరేవారికి, విదేశాల్లో చదవాలనుకునేవారికి. విదేశాల్లో వైద్యం చదివి వచ్చి ఇక్కడ డాక్టరుగా నమోదు కావాలన్నా నీట్ అర్హత తప్పనిసరి. అందుకే 144కు అటూ ఇటూ ఉన్న పిల్లల ఇళ్లకు దళారుల ఫోన్లు మొదట వెళతాయి. “కటాఫ్ దాటారు కదా, సీటు మేం చూసుకుంటాం, అడ్వాన్స్ కట్టండి” అంటారు. యాజమాన్య కోటాలోని బి కేటగిరీ సీట్లు కూడా మెరిట్ వరుసలోనే, విశ్వవిద్యాలయం జరిపే కౌన్సెలింగ్ ద్వారానే ఇస్తారు. దయచేసి ఆ అడ్వాన్స్ కట్టకండి.

“ఆలస్యం చేయకుండా లాంగ్‌టర్మ్‌లో చేర్పించండి.”

లాంగ్‌టర్మ్ అంటే మళ్లీ నీట్ రాయడానికి ఏడాది పాటు తీసుకునే కోచింగ్. సందేశం ఎక్కడికి దారి తీయాలో అక్కడికే తీసింది. మళ్లీ రాయడం తప్పు కాదు. ఎన్నిసార్లు రాయాలన్న పరిమితీ లేదు, గరిష్ఠ వయసూ లేదు. నా విద్యార్థుల్లో రెండోసారి రాసి మంచి డాక్టర్లైనవారు ఉన్నారు. కానీ ఆ నిర్ణయం ఫలితాలు వచ్చిన వారంలో, ఏడుస్తున్న బిడ్డను ఎదురుగా పెట్టుకుని తీసుకునేది కాదు. కౌన్సెలింగ్ కొన్ని విడతలుగా నడుస్తుంది. అఖిల భారత కోటాలో చేరినవారు ఇక్కడి సీటు వదిలేస్తారు, మరో కళాశాలకు మారేవారు ఉంటారు. మొదటి విడతలో ఆగిన చివరి ర్యాంకు ఆఖరి విడతకు కిందికి జరుగుతుంది. అది ముగిశాక మాట్లాడుకోవచ్చు.

ఆ రోజు ఫోన్‌లో ఆ తండ్రికి నేను చెప్పింది ఒక్కటే. విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రతి విడత తర్వాతా ఏ కళాశాలలో ఏ ర్యాంకువారికి సీటు వచ్చిందో జాబితాలు పెడతాయి. మీ రాష్ట్రానివి రెండు మూడేళ్లవి తీసి, మీ విభాగం, మీ ప్రాంతం వరుసలో చివరి ర్యాంకులు కాగితం మీద రాసుకోండి, అమ్మాయి ర్యాంకును వాటి పక్కన పెట్టి చూడండి అన్నాను. మర్నాడు సాయంత్రం ఆయన ఆ కాగితాన్ని ఫొటో తీసి పంపారు. కళాశాలల పేర్లన్నీ అమ్మాయి చేతిరాతలోనే ఉన్నాయి, వాటిలో నాలుగింటి పక్కన టిక్కు పెట్టి ఉంది.