ఇనుమును మించిన లోహం లేదట!

మా అమ్మాయి పదో తరగతి. మొన్న రాత్రి ఇంగ్లీషు గైడు ముందేసుకుని డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్, అదే ఒకదాన్ని ఇంకోదానితో పోల్చి చెప్పే పాఠం, బట్టీ పడుతోంది. "నో అదర్ మెటల్ ఈజ్ యాజ్ యూజ్‌ఫుల్ యాజ్ ఐరన్." నేను చదివినప్పుడూ ఇదే వాక్యం, ఇదే ఇనుము. ప్రభుత్వాలు మారాయి, సిలబస్‌లు మారాయి, రాష్ట్రమే రెండయింది, ఈ ఇనుము మాత్రం తుప్పు పట్టలేదు.

దీన్ని పాజిటివ్ డిగ్రీ అంటారు. మొదలయ్యేదే "నో" అని. కంపారెటివ్‌లోకి లాగితే "మోర్ యూజ్‌ఫుల్ దేన్ ఎనీ అదర్ మెటల్", సూపర్లేటివ్‌లోకి తోస్తే "ద మోస్ట్ యూజ్‌ఫుల్ ఆఫ్ ఆల్ మెటల్స్". ఉన్నది ఒకటే ముక్క, మూడు రకాలుగా తిప్పి రాయడం వస్తేనే మార్కులు. మధ్యలో ఆ "అదర్" మర్చిపోయామా, ఇనుము తనకంటే తానే గొప్పదన్న అర్థం వచ్చేస్తుంది, ఉన్న మార్కూ పోతుంది.

మనకీ గోల లేదు. రాము కంటే సోము పొడుగు, అందరికంటే గోపి పొడుగు, అయిపోయింది. పొడుగు పొడుగులాగే ఉంటుంది, దాని తోక పట్టుకుని ఎవరూ సాగదీయరు. ఇంగ్లీషులో అలా కుదరదు, ముందు సిలబుల్స్, అంటే మాటలో ఎన్ని పలుకులున్నాయో లెక్కపెట్టాలి. ఒకటైతే చివర ఈఆర్, మూడైతే ముందు మోర్, రెండైతే ఆ మాట మొహం చూసి తేల్చుకోవాలి. హ్యాపీకి హ్యాపియర్, కేర్‌ఫుల్‌కి మోర్ కేర్‌ఫుల్, క్లెవర్‌కి ఏదైనా ఫర్వాలేదట! మనకేమో చివర ఉకారం పడందే మాట పూర్తయినట్టుండదు కదా. ఫాస్టు, స్మార్టు, షార్టు... మన నోట్లో అన్నీ రెండేసి సిలబుల్సే. ఇక ఏ రూలు పెట్టుకోవాలి?

గుడ్‌కి న్యాయంగా గుడ్డర్ పుట్టాలి. బెటర్ పుట్టింది. ఒక్క అక్షరం పోలిక లేదు, దత్తత తెచ్చుకున్నట్టున్నారు. ఆ దత్తపుత్రుణ్ణి మనమూ ఇంట్లో పెట్టేసుకున్నాం, "ఆటో కన్నా బస్సు బెటర్" అని. కన్నా ఉంది, బెటరూ ఉంది, డబుల్ కంపారెటివ్, అడిగేవాడు లేడు. అదే "ఇంకా బెటర్" కదా అని ఇంగ్లీషులో "మోర్ బెటర్" అన్నామా, ఎర్ర ఇంకే. "మోస్ట్ అన్‌కైండెస్ట్" అని రాసిన షేక్‌స్పియర్‌కి మాత్రం విగ్రహాలు.

ఒక ఇంటర్వ్యూలో "సీనియర్ దేన్ మీ" అన్నందుకు నన్ను చూసి నవ్వారు. సీనియర్ అంటే లాటిన్‌లోంచి వచ్చిన పెద్దమనిషట, దేన్ పక్కన కూర్చోడట, "టు" తెచ్చి పీట వెయ్యాలట. మనసులో "నాకంటే సీనియర్" అనుకుని నోటితో "టు" అనడం ఎంత కష్టమో ఆ నవ్వినవాళ్లకేం తెలుసు.

ఇదంతా మంచం మీంచి వింటున్న మా అమ్మ, "ఇనుమేంటే, బంగారం కంటేనా?" అంది.

"యూజ్‌ఫుల్ అన్నారు నానమ్మా, ఖరీదు అనలేదు" అంది మనవరాలు.

నేను కల్పించుకుని, "వాళ్లకి మూడు డిగ్రీలు కావాలమ్మా, మనకి ఒక్క కంటే చాలు" అన్నాను.

"చాలు నాయనా, దాని పెళ్లికి ఆ ఒక్క కంటె చేయించు. ఇనుముతో కాదు" అని అటు తిరిగి పడుకుంది.