అమ్మకి ఎన్ని దున్నలు?

ఇండోనేషియాలో సులవేసి దీవి ఉంది కదా, దాని దక్షిణ భాగంలో తొరాజా కొండలు. మకస్సర్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి రంతేపావ్‌లో దిగుతారు. అక్కణ్ణించి ఉత్తరంగా సెసేయన్ కొండ వాలు మీదికి పోతే ఇలాంటి చిన్న చిన్న ఊళ్ళు బోలెడు. పడవలాగా రెండు కొసలూ పైకి లేచిన కప్పులతో తొంగ్‌కొనన్ అనే వంశపు ఉమ్మడి ఇళ్ళు ఒక వరస, వాటికెదురుగా ఆలంగ్ అనే వడ్ల గాదెలు ఇంకో వరస, కింద మెట్లు మెట్లుగా వరిమళ్ళు, మడి మధ్యలో చేపలకి ఓ గుంట.

అలాంటి ఊళ్ళో ఒక ఇంట్లో తల్లి పోయి పద్నాలుగు నెలలైంది. పోయిందని మాత్రం ఎవరూ అనరు. రంబు సోలొ, అంటే దున్నల్ని కోసి చేసే పెద్ద కర్మ అయ్యేదాకా ఆవిడ 'తొ మకుల', ఒంట్లో బాలేని మనిషి. ఫార్మలిన్ పట్టించి గదిలో పడుకోబెట్టారు, పూటపూటా భోజనం పెడతారు, లోపలికెళ్ళేటప్పుడు చెప్పి వెళ్తారు. అక్క ఊళ్ళోనే ఉండి వ్యవసాయం చేస్తుంది. తమ్ముడు కలిమంతాన్‌లో, అంటే బోర్నియో దీవిలో, బొగ్గు గనిలో ట్రక్కు తోలతాడు, సెలవు పెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ నేను కల్పించినవాళ్ళే, గొడవ మాత్రం అక్కడ చాలా ఇళ్ళల్లో నడిచేదే. నేనెవరి వైపో చదువుతుంటే మీకే తెలిసిపోద్ది, దాచను.

తమ్ముడు: అక్కా, ఈ డిసెంబర్‌లో కానిచ్చేద్దాం. ఆరు దున్నలు, ఓ ఇరవై పందులు, పాస్టర్ గారి ప్రార్థన. చాలు.

అక్క: ఆరా?

తమ్ముడు: ఆరే.

అక్క: నాన్నకి పన్నెండు కోశాం రా. అమ్మకి ఆరు అంటే బోలు ఊరి పశువుల సంతలో బేరగాళ్ళు కూడా నవ్వుతారు.

తమ్ముడు: నవ్వనీ. నవ్వేవాడు వచ్చి నా ఈఎంఐ కడతాడా? నాన్న కర్మకి తీసుకున్న లోనే ఇంకా తీరలేదు. మొన్న సంతకెళ్ళా కదా, మామూలు నల్ల దున్నకే రెండు మూడు కోట్ల రూపియాలు చెప్తున్నాడు, మచ్చలున్న సలేకో దగ్గరికైతే నేను పోనే లేదు, అది పదుల కోట్లు. (కంగారు పడకండి, కోటి రూపియాలంటే మన డబ్బులో యాభై వేల చిల్లర. అయినా ట్రక్కు డ్రైవర్‌కి అదేం తక్కువ కాదు.) పైగా కోసిన తలకింత అని సర్కారుకి పన్ను. నా కొడుక్కి వచ్చే ఏడు కాలేజీ. అందుకే చెప్తున్నా, వాగు పక్క మడి ఉంది కదా, అది తొంగ్‌కొనన్ పొలం కాదు, అమ్మానాన్న సొంతంగా సంపాదించుకున్నది. దానికి సర్టిఫికెట్ తీయిద్దాం, చెరిసగం రాసుకుందాం. నా సగం కాటేజీలు కట్టే ఆయన అడుగుతున్నాడు. అక్కణ్ణించి లోయంతా కనపడుద్ది కదా, టూరిస్టులకి బాగుంటదంట. ఆ డబ్బుతో అప్పు తీరుద్ది, కర్మ అయిపోద్ది, నీకూ నాకూ తలనొప్పి ఉండదు.

అక్క: అయిందా? ఇప్పుడు నేను చెప్తా, మధ్యలో ఫోన్ చూడకు. నాన్నకి పన్నెండు కోశాం అన్నా కదా, అందులో మనం కొన్నవెన్ని? నాలుగు. మిగతా ఎనిమిదీ ఎక్కణ్ణించొచ్చాయి? పెద్దమ్మ కొడుకు ఒకటి తోలుకొచ్చాడు, కొండవతల ఇంటివాళ్ళు ఒకటి, నీ పెళ్ళాం వాళ్ళ పుట్టింటోళ్ళు రెండు, అట్లా వచ్చాయి. ఎవరు తెచ్చింది, ఏ రంగుది, కొమ్ము ఎంత పొడుగు, అన్నీ పుస్తకంలో రాయించా. అంతకుముందు నాన్న బతికున్నప్పుడు ఊళ్ళోవాళ్ళ కర్మలకి మనం తోలిచ్చినవి ఉన్నాయి, అందులో ఐదు ఇంకా మనకి రావాలి. అమ్మ కర్మకి అవి వస్తాయి. నువ్వు ఖర్చు ఖర్చు అంటున్నావ్, అది ఖర్చు కాదు రా, కొంత పాత అప్పు తీర్చడం, కొంత మనకి రావాల్సింది తెచ్చుకోవడం, ఇంకొంత రేపు నీకూ నాకూ అక్కరకొచ్చేలా దాచుకోవడం. నువ్వు ఆరుతో సరిపెట్టి చేతులు కడిగేసుకుంటే ఆ ఐదు ఎప్పుడు తెచ్చుకుంటావ్? 'మీ అమ్మ కర్మ అయిపోయింది కదా' అంటారు. ఆ కర్మ అయ్యాక నువ్వు కలిమంతాన్ వెళ్ళిపోతావ్, పుస్తకం పట్టుకుని ఇక్కడ తిరగాల్సింది నేను.

(మనూళ్ళో పెళ్ళికి టేబులేసుకుని కూర్చుని చదివింపులు రాసుకునే పుస్తకం గుర్తొస్తుంటే మీ తప్పేం లేదు, నాకూ అదే గుర్తొచ్చింది. కాకపోతే వీళ్ళు నోట్ల బదులు కొమ్ములు రాసుకుంటారు.)

తమ్ముడు: సరే, దాచుకున్నదే అనుకుందాం. మరి అమ్మని రంతేపావ్ ఆస్పత్రిలో పెట్టినప్పుడు, మకస్సర్ తీసుకెళ్ళమని డాక్టర్ చెప్పినప్పుడు, నీ పుస్తకంలో ఐదు దున్నలున్నాయి కదా, ఒక్కటైనా వచ్చిందా?

అక్క: రాలేదు.

తమ్ముడు: ఒక్కరైనా, 'తీసుకో అమ్మా, ఎట్లాగూ మీకివ్వాల్సిందే కదా' అన్నారా?

అక్క: అనలేదు. అట్లా అడగరు కూడా.

తమ్ముడు: అదే అంటున్నా. మనిషి చస్తే తప్ప తలుపు తెరవని బ్యాంకు ఇది. అమ్మ బతికుండగా పనికిరాని దున్న చచ్చాక పన్నెండొస్తే ఎంత, ఇరవై నాలుగొస్తే ఎంత?

(ఇక్కడ అక్క కాసేపు ఏం మాట్లాడలేదు. నేను రాసినదే అయినా నా దగ్గరా దీనికి జవాబు లేదు, అందుకే తీసెయ్యకుండా ఉంచా.)

తమ్ముడు: ఇంకోటి. మతల్లంగ్ లెక్క తెలుసు కదా నీకు? అమ్మానాన్న పొలం పిల్లల్లో ఎవరు ఎన్ని దున్నలు కోస్తే వాళ్ళకి అంత వాటా. పెంచుకున్న పిల్లలకైనా అదే లెక్క. అమ్మకి నీళ్ళు పోసింది నువ్వు, అన్నం తినిపించింది నువ్వు, ఇప్పటికీ గదిలో దీపం పెట్టేది నువ్వు. కానీ నగదు ఎవరి దగ్గరుంది? నా దగ్గర. నేను గట్టిగా అనుకుని, ఇంకో లోన్ తీసుకుని ఎనిమిది దున్నలు కోస్తే, నువ్వు రెండు కోస్తే, నీ పద్ధతి ప్రకారమే వాగు పక్క మడిలో ఐదింట నాలుగొంతులు నాది. నేను చెరిసగం అంటున్నా. ఈ ఊరి పద్ధతిని నువ్వెందుకు మోస్తున్నావో నాకర్థం కావట్లా.

అక్క: అర్థం కాకపోతే విను. రానీ నీకు నాలుగొంతులు. నీకొస్తే ఎవరికొచ్చినట్టు? తొంగ్‌కొనన్ మనిషికే కదా వచ్చింది. దాన్ని నువ్వు దున్నుతావా? గనిలో సెలవు పెట్టి నాట్లకొస్తావా? నేనే దున్నాలి, పంటలో సగం నాదే, ఇప్పుడూ అంతే కదా జరుగుతోంది. కరువొస్తే, దున్నకి డబ్బు లేకపోతే, ఆ మడిని భోగ్యానికి పెట్టొచ్చు, చుట్టాల్లోనే ఎవరో ఒక దున్న ఇచ్చి మడి పండించుకుంటారు, ఎప్పటికైనా దున్న తిరిగిచ్చిన రోజు మడి మనది. పదేళ్ళైనా మనదే, మన పిల్లలు ఇచ్చినా మనదే. నీ సర్టిఫికెట్ కథ అట్లా కాదు. 1960లో వచ్చిన భూమి చట్టంలో మన అదాత్‌నే, అంటే తరాల ఆచారాన్నే పునాది అన్నారంట, స్కూల్లో నువ్వే చదివి వినిపించావ్ నాకు, చదువుకోని దాన్ని అని. కానీ ఆఫీసుకెళ్తే అదాత్ ఎవరడిగారు? 'పేరు ఎవరి మీద రాయాలి' అంటారు. ఒక్కడి పేరు పడిందంటే ఒక్కడి సంతకం చాలు. ఆ కాటేజీలాయన నీ దగ్గర కొని ఎవరికి అమ్ముతాడో నీకు తెల్సా? వాగు నీళ్ళు ముందు ఆ మడిలోకొచ్చి, తర్వాతే కింద ఆరు మళ్ళకి పోతాయ్, ఆ ఆరూ తొంగ్‌కొనన్‌వి. ఆయన స్విమ్మింగ్ పూల్ కట్టుకుంటే కింద నేనేం పండించాలి? తొంగ్‌కొనన్ అంటేనే కూర్చునే చోటు రా. కరోనా అప్పుడు నీకు గనిలో పని ఆపేసినప్పుడు ఎక్కడికొచ్చి కూర్చున్నావ్? అద్దె అడిగానా? ఏడు నెలలు నీ పెళ్ళాం పిల్లలు తిన్నది ఏ మడిలో బియ్యం? ఎవరి పేరు మీదుంది ఆ మడి? ఎవరి పేరు మీదా లేదు, అందుకే ఎవడూ అమ్మలేకపోయాడు, అందుకే నీకు ఉంది.

తమ్ముడు: తిన్నా, కాదన్నానా. ఏడు నెలలు అంటావ్, అంతకుముందు పదకొండేళ్ళు నేను పంపిన డబ్బు లెక్క తీయవేం? ఈ ఊళ్ళో కర్మలన్నీ ఎవరి డబ్బుతో నడుస్తున్నాయి? 1970ల నుంచి బయటికి పోయినవాళ్ళు పంపిందే కదా. మేం పంపకపోతే సంతలో దున్న రేటు ఇంతుండేదా?

అక్క: రేటు పెంచింది మీరేనని నువ్వే ఒప్పుకుంటున్నావ్.

తమ్ముడు: ఒప్పుకుంటా. సరే, ఇప్పుడు చెప్పు. 'ఎవరి పేరు మీదా లేదు, మనందరిదీ' అంటున్నావ్. ఈ మనలో వెనకింటి మామ ఉన్నాడా? ఆయన తాత మన తాత దగ్గర కౌనన్, బానిస. డచ్చివాళ్ళు 1906లో కొండెక్కొచ్చాక బానిసలు లేరన్నారు, తర్వాత చర్చి కూడా అందరూ సమానమంది. ఆయన మన మళ్ళలో నడుం వంచి ఎన్నేళ్ళు పనిచేశాడు? తొంగ్‌కొనన్‌లో ఆయనకి వాటా ఉందా? నాన్న కర్మలో మంచె మీంచి పేర్లు పిలిచి మాంసం విసిరారు కదా, ఆయన పేరు ఎన్నోసారి పిలిచారు? నేను చూశా అక్కా. పందిరి వెనకాల నిలబడ్డాడు ముసలాయన, ఆకు పట్టుకుని.

అక్క: ఆయన కొడుకు పాపువా నుంచి డబ్బు తెచ్చి వాళ్ళమ్మకి సలేకో కోశాడు కదా. ఎవరైనా ఆపారా?

తమ్ముడు: ఆపలేదు. వెనకాల ఏమనుకున్నారో నువ్వు నాకు ఫోన్లో చెప్పావ్, నవ్వుకుంటూ చెప్పావ్. కాగితం మీద పేరుంటే ఆయనకి కూడా గజం నేల ఉండేది. అదాత్ ఆయనకేం ఇచ్చింది?

అక్క: నువ్వు మాత్రం ఏమిచ్చావ్? ఈ ఇంటికి ఇచ్చింది ఒక్కటే, జింకు రేకులు.

తమ్ముడు: ఇప్పుడు రేకులెందుకొచ్చాయి మధ్యలో?

అక్క: ఎందుకు రావు? వెదురు కప్పు పీకించి ఎర్ర రంగు రేకులేయించావ్, ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నావ్.

తమ్ముడు: వెదురు కురుస్తోందని ఏడ్చింది నువ్వే! కొత్త వెదురు అంటే ఎన్ని బొంగులు కావాలి, చీల్చేదెవరు, పేర్చేదెవరు, ఊళ్ళో కుర్రాళ్ళెవరున్నారు? పనివాళ్ళ కూలి, వాళ్ళ తిండికి పందులు. రేకులు మూడు రోజుల్లో అయిపోయాయి. చుట్టుపక్కల సగం ఇళ్ళకి రేకులే.

అక్క: ఆ రాత్రి వాన పడింది. అమ్మ నన్ను పిలిచిందంట. పక్క గదిలోనే ఉన్నా. రేకుల చప్పుడికి వినపళ్ళేదు. పొద్దున చెప్పింది, 'రెండుసార్లు పిలిచానే' అని. ఆ తర్వాత మూడు రోజులకే.

తమ్ముడు: ...నాకెప్పుడూ చెప్పలేదు.

అక్క: ఫోన్లో ఏం చెప్పను. నువ్వు షిఫ్ట్‌లో ఉంటావ్.

(ఎవరు నెగ్గినట్టని అడిగితే, అక్కే అని రాద్దామని మొదలుపెట్టా. నీళ్ళ సంగతిలో, భోగ్యం సంగతిలో ఇప్పటికీ అక్కదే కరెక్ట్ అంటా. ఆకు పట్టుకుని నిలబడ్డ ముసలాయన దగ్గర మాత్రం ఆవిడ రేకుల మీదికి మాట తిప్పేసింది, మీరూ చూశారుగా.)

తమ్ముడు: పోనీ ఇంకో ఏడాది ఆగుదాం. నేనూ కొంచెం కూడబెడతా. పన్నెండు నా వల్ల కాదు, ఎనిమిది చూద్దాం. మడి అమ్మను. సర్టిఫికెట్ మాట మాత్రం ఇంకా అయిపోలేదు, మళ్ళీ మాట్లాడదాం.

అక్క: ఏడాది ఆగితే అమ్మేం అనదు. కాఫీ కలుపుతున్నా, నీకూ పోయనా?

తమ్ముడు: పోయ్. అమ్మకి చక్కెర తక్కువ.

అక్క: నాకు చెప్తున్నాడు. సరే కానీ, కొండవతల ఇంటి పెద్దాయన కర్మ వచ్చే నెలే. అది ఏడాది ఆగదు. నాన్నకి వాళ్ళు తెచ్చిన దున్న బాకీ ఉంది మనం.

తమ్ముడు: పుస్తకంలో ఎంతని ఉంది కొమ్ము?

అక్క: మోచెయ్యి దాకా. వేలి కొస నుంచి మోచెయ్యి దాకా.

తమ్ముడు: ఎవరి మోచెయ్యి? నాన్నదా? నాన్న చెయ్యి పొడుగు. నాదైతే రెండు వేళ్ళు తక్కువొస్తుంది, కొంచెం చవకలో దొరుకుద్దేమో.

అక్క: వాళ్ళు కొలిచేది వాళ్ళ చెయ్యి పెట్టి రా, నీ చెయ్యి పెట్టి కాదు. ఆ ఇంటి పెద్ద కొడుకుని చూశావా ఎప్పుడైనా?

తమ్ముడు: ఎట్లా ఉంటాడు?

అక్క: తలుపులోంచి వంగి రావాలి.