బావ మౌనం ఖరీదు 520

మా బావ నలభై సెకండ్లు మాట్లాడకుండా కూర్చున్నందుకు నాకు 520 పాయింట్లు పోయాయి. నోరు జారి నష్టపోయినవాళ్లు ఒడిశాలోని మా పర్లాకిమిడిలో వీధికి పదిమంది దొరుకుతారు. నోరు మూసుకున్నందుకు, అందులోనూ పక్కవాడు మూసుకున్నందుకు నష్టపోయింది బహుశా నేనొక్కణ్ణే. అందుకని ఈ సంగతి ప్రజల ముందు పెట్టడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఆట బ్రిడ్జి, నలుగురు రెండు జంటలుగా ఆడే పేకాట, నా జంట మా బావ. కంగారు పడకండి, డబ్బుల పేక కాదు. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన రమ్మీ కేసులో 1967లో సుప్రీంకోర్టు ఏమందంటే, రమ్మీలో అదృష్టం పాలు బ్రిడ్జిలో ముక్కలు పంచినప్పుడు ఉండేలాంటిదే, కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట. అంటే రమ్మీకి మంచి నడవడి సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు సాక్ష్యానికి బ్రిడ్జిని పిలిచారన్నమాట. అంత పరువైన ఆట. ఈ మాట మా నాన్నకి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఆయన "ఇస్పేటు ఇస్పేటే కదరా" అన్నారు.

జరిగింది ఇది. రెండు గంటల ప్రయాణం దూరంలో ఒక ఊళ్లో టోర్నమెంటు. నా చేతిలో ఇస్పేట్లు ఆరు, రాజు రాణి జాకీ పది వరసగా. ఆఠీను ఒక్కటే. డైమన్లు ఆసు, జాకీలతో నాలుగు. కళావర్లు రాణితో కలిపి రెండు. ఆసుకి నాలుగు, రాజుకి మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున లెక్కేస్తే 13. ఆటకి ముందు వేలంపాట, ఏ రంగుని తురుపు చేసి ఎన్ని పట్లు గెలుస్తామో చెప్పడం. ఒక ఇస్పేటు అన్నాను. ఎడమ వైపు పెద్దమనిషి ఒక్క దూకుతో నాలుగు ఆఠీన్లు అన్నాడు. తర్వాత వంతు మా బావది.

ఎదుటివాళ్లు అలా ఎగిరి దూకినప్పుడు తర్వాతి మనిషి, చేతిలో చెత్త ఉన్నా సరే, పది సెకండ్ల పాటు ఆలోచిస్తున్నట్టు ఆగాలి. ఆలోచన ఉన్నవాడికీ లేనివాడికీ తేడా తెలియకూడదని. మా బావ ఆ పదీ శ్రద్ధగా ఆగాడు. అక్కడితో ఆపలేదు. ఫ్యాను వైపు చూశాడు. ముక్కలు ఒకసారి సర్దాడు, మళ్లీ యథాస్థానాల్లో పెట్టాడు. ఎవరో తెచ్చి పెట్టిన టీ మీద మీగడ కట్టింది. చివరికి కూతుర్ని అత్తారింటికి పంపుతున్న తండ్రిలా ఒక నిట్టూర్పు విడిచి పచ్చరంగు పాస్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

కుడి వైపాయన పాస్. నేను నాలుగు ఇస్పేట్లు అన్నాను. అంటే ఆరుకి పైన నాలుగు, మొత్తం పది పట్లు గెలుస్తామని. పది పట్లు వచ్చాయి. 620. చేతులు దులుపుకుంటున్నాను, ఎడమ వైపు పెద్దమనిషి చెయ్యెత్తి "డైరెక్టర్!" అని కేకేశాడు.

డైరెక్టర్, అంటే టోర్నమెంటులో తగువులు తీర్చే ఆయన, వచ్చాడు. మర్యాదస్తుడు. "ఆలోచించడం తప్పా సార్?" అన్నాడు బావ. కాదట. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చట. ఆయన ఆలోచించాడన్న సంగతి నాకు తెలియడంతోనే వచ్చిందట చిక్కు. రూల్స్‌లో పదహారోది ఏమంటుందంటే, భాగస్వామి తటపటాయింపు నుంచి నీకు ఏదైనా సమాచారం అందితే, ఆ సమాచారం చూపించే దారి నువ్వు పట్టకూడదు, న్యాయంగా ఆలోచించదగ్గ రెండో దారి ఉన్నప్పుడు. ఆ రెండో దారి ఉందో లేదో తేల్చడానికి నా స్థాయి ఆటగాళ్లని కొందరిని అడగాలి. నా స్థాయి వాళ్ల కోసం ఆయన హాల్లో ఏ మూలకి వెళ్లాడో చూశాక నాకు 520 కంటే ఎక్కువ బాధ కలిగింది. బాత్రూం పక్కనున్న బల్లల దగ్గరికి. అయిదుగురిని అడిగితే ముగ్గురు నా చేతితో పాస్ అన్నారు. నా నాలుగు ఇస్పేట్లు కొట్టేశారు. వాళ్ల నాలుగు ఆఠీన్లు నిలబెట్టి, ఒక పట్టు తగ్గిందని లెక్కేసి మాకు 100 ఇచ్చారు.

తీర్పు సరైందేనని ఒప్పుకుంటాను. నా అభ్యంతరమల్లా ఇలాంటి చట్టాన్ని పర్లాకిమిడి మనుషుల మీద ప్రయోగించడం గురించే.

ఇక్కడ మేం మాటలతో బతకం. సందులతో బతుకుతాం. ఆఫీసులో కాయితం ఇచ్చి నిలబడితే అవతలాయన ఒడియాలో "హఉ" అంటాడు. సరే అని అర్థం. పొట్టిగా అంటే పని అయినట్టు. కొంచెం సాగదీస్తే వచ్చే వారం. "హఉఉ" అని కళ్లు కాయితం మీదికి దించితే మీ అబ్బాయి పెళ్లినాటికి చూద్దాం అని. ఈ మూడింటికీ తేడా తెలియనివాడు మా ఊళ్లో రేషన్ కార్డులో పేరు కూడా మార్చుకోలేడు. సంబంధం మాట్లాడ్డానికి వెళ్తే "ఆలోచించి కబురు పెడతాం" అన్న మాటకి ముందు ఎన్ని క్షణాలు గడిచాయో లెక్కేసుకుని ఇంటికొస్తాం. కబురు కోసం ఎవరూ ఎదురుచూడరు. అలా పెరిగినవాణ్ణి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, నీ బావ నిట్టూర్పు నీకు అర్థం కాలేదనుకో అంటే ఎలా అనుకోను?

అసలు ఈ ఊరు ఎవరి ఊరో మరిచిపోతున్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరిది. జనం నోట్లో ఉన్నదే భాష అని గ్రాంథికవాదులతో తగువు పడ్డ మనిషి. కొండల మీద సవరలు మాట్లాడే మాటలకి కూడా నిఘంటువు రాశారు, వ్యాకరణం రాశారు. ఇప్పుడు బ్రిడ్జి వేలంపాట భాష చూడండి. అందులో ఉన్న మాటలు మొత్తం 15. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, నాలుగు రంగులు, తురుపు లేని ఆటకి నో ట్రంప్, ఆపైన పాస్, డబుల్, రీడబుల్. వీటితో అనగలిగినవి 38, అంతే. చేతికి రాగల 13 ముక్కల కూర్పులేమో 63,501 కోట్ల పైచిలుకు. ఇంత సంపద చెప్పడానికి పదిహేనే మాటలిచ్చారు. గ్రాంథికవాదులు కూడా ఇంత పిసినారులు కారు. వాళ్లు కనీసం అరసున్న అయినా ఇచ్చారు.

నిట్టూర్పు, దగ్గు, కుర్చీ కిర్రు, టీ కప్పు పక్కకి జరపడం, ఇవన్నీ బ్రిడ్జిలో వ్యావహారిక భాష. ఈ సంగతి రూల్స్ రాసినవాళ్లకి తెలియదనుకుంటే పొరపాటు. వ్యాఖ్య, ప్రశ్న, జవాబు, స్పష్టమైన తటపటాయింపు, మామూలుగా లేని తొందర, గొంతులో ఒత్తు, సైగ, కదలిక, వాలకం అంటూ వ్యాకరణమంతా వరసగా రాసుకొచ్చారు. రాసి, ఈ భాష వచ్చినవాడు రానట్టు ప్రవర్తించాలన్నారు. పంతులుగారు 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఉండి ఉంటే మా క్లబ్బులో ఈ పాటికి ఉద్యమం లేచేది.

ఈ ఆటని ఇప్పుడున్న రూపానికి తెచ్చింది హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికా ఆసామి, 1925లో, పనామా కాలువ మీదుగా వెళ్తున్న ఓడలో. రైళ్ల సొత్తున్న కుటుంబం. అక్కడికి మా రాజావారికీ రైలుండేది, నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న పట్టాల రైలు, 1900లో వచ్చింది. పేకా ఉంది. ఈ ప్రాంతంలో గంజపా అని గుండ్రటి ముక్కలకి చేత్తో రంగులేసి ఆడేవారు, ఎనిమిది రంగులు, రంగుకి పన్నెండు, మొత్తం 96. గుండ్రం కనక మూల మడిచి గుర్తు పెట్టే వీలు లేదు. మోసాన్ని మా పెద్దలు రూలు రాసి ఆపలేదు, వడ్రంగం చేసి ఆపారు.

పాశ్చాత్యులకి ఆ బుద్ధి 1975లో వచ్చింది. ఆ ఏడు ప్రపంచ పోటీ బెర్ముడా బౌల్‌లో మొదటిసారి బల్లకి అడ్డంగా తెర కట్టారు, భాగస్వాములు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. తీరా ఇటలీ జట్టులో ఒక జంట బల్ల కింద కాళ్ల కదలికల మీద ఫిర్యాదు వచ్చింది. కిందా అడ్డం పెట్టారు. మా ఇళ్లల్లో వంటింటి గుమ్మానికి తెర తరతరాలుగా ఉంది. దాని వెనకనించి గాజుల చప్పుడుతో ఎన్ని సంబంధాలు కుదిరాయో, ఎన్ని తప్పాయో బెర్ముడా వాళ్లకి చెప్పినా అర్థం కాదు.

ఇరవై అయిదో రూలు మాత్రం నాకు ఇష్టం, మన సామెతని తిరగేసింది కనక. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటాం కదా. బ్రిడ్జిలో నోరు జారినా తీసుకోవచ్చు, పాట కార్డుల పెట్టెలోంచి ఒక కార్డు తీయబోయి వేళ్లకి ఇంకోటి వచ్చినా మార్చుకోవచ్చు, భాగస్వామి తన వంతు పిలిచేలోపు. బుద్ధి జారితే మాత్రం కుదరదు. అప్పుడు అదే అనాలనుకుని, తర్వాత జ్ఞానోదయం అయితే అది నీ ఖర్మ. ఒకసారి మా బావ డైమన్ల చెయ్యి పట్టుకుని రెండు కళావర్లు కార్డు పెట్టి నాలిక్కరుచుకున్నాడు. డైరెక్టర్ వచ్చి "చెయ్యి జారిందా, ఆలోచన మారిందా?" అని అడిగాడు. ఈ ప్రశ్నకి కూడా బావ ఆలోచించాడు. ఆలోచించాడు కనక ఆలోచనే అని తేలిపోయింది.

అన్నిటికన్నా పెద్ద హింస ఇంకోటి. నేను అన్న మాటకి అర్థమేమిటని ఎదుటివాళ్లు అడిగితే చెప్పాల్సింది నేను కాదు, మా బావ. వాళ్ల ఒక ఆఠీను మీద నేను రెండు నో ట్రంప్ అన్నాను. మా ఒప్పందం ప్రకారం కళావర్లూ డైమన్లూ చెరి అయిదూ ఉన్నాయని దాని అర్థం. నా దగ్గర ఉన్నవి ఏడు పాయింట్లు. బావ గొంతు సవరించుకుని "బలమైన చెయ్యండీ, ఇరవైకి తగ్గదు" అని చెప్పాడు. అప్పుడు నేను ఉలకకూడదు, పలకకూడదు, సరిదిద్దకూడదు, పైగా ఆయన పొరబడ్డాడని నాకు తెలిసినట్టు ఆడకూడదు. చివరికి ఆట ఆడేది మేమైతే వేలం ముగిశాక, మొదటి ముక్క పడకముందే నిజం చెప్పాలి. ఆడేది వాళ్లయితే పదమూడు పట్లూ అయ్యేదాకా ఆ అబద్ధం మీద అలాగే కూర్చోవాలి. పెళ్లిచూపుల్లో "మావాడు ఒడియా మాట్లాడితే కటకం వాడే అనుకుంటారు" అని అమ్మ చెబుతుంటే నేనిలాగే కూర్చున్నాను. నాకు అప్పటికి వచ్చింది హఉ ఒక్కటే.

డమ్మీ, అంటే పాట గెలిచి ఆడేవాడి భాగస్వామి, గురించి ఎక్కువ చెప్పను. ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి, ఎదుటివాళ్ల తప్పు కళ్లెదుట కనబడుతున్నా ఆట అయ్యేదాకా ఎత్తి చూపకుండా ఉండాలి. అత్తవారింట్లో కొత్త అల్లుడికి ఇది విడిగా నేర్పక్కర్లేదు. ముందువాడి కంటే తక్కువ పాడితే తప్పు అనే రూలూ ఉంది, సంతలో వంకాయలు బేరమాడి వచ్చినవాడికి అది ఒంటబట్టడం కష్టం.

ఇన్ని అన్నా, చట్టం చట్టమే. అందుకని దాన్ని ఇంట్లో కూడా పాటిద్దామని నిశ్చయించుకున్నాను. వచ్చే నెల ఇంకో టోర్నమెంటు ఉంది, రెండు రోజులు. వెళ్లి రానా అని మా ఆవిణ్ణి అడిగాను. ఆవిడ అట్లకాడ పెనం మీద ఆపింది. అట్టు మాడిన వాసన వచ్చేదాకా ఏమీ అనలేదు. తర్వాత "వెళ్లండి" అంది.

రూలు ప్రకారం నాకు వినబడింది "వెళ్లండి" ఒక్కటే. పోనీ ఆ మౌనం కూడా అందిందనుకుందాం. వెళ్లడం, మానడం, రెండూ న్యాయంగా ఆలోచించదగ్గ దారులే. మౌనం మానమంటోంది. మౌనం చూపించిన దారి పట్టకూడదు కనక నేను వెళ్లి తీరాలి. ఇంత స్పష్టమైన కేసు నేను బల్ల దగ్గర కూడా చూడలేదు. సంచీ సర్దాను.

ఆవిడ చెయ్యెత్తలేదు, ఫోనెత్తింది. గంట తిరక్కుండా పాతపట్నం నుంచి మా అత్తగారు ఆటోలో దిగారు. రాష్ట్రం దాటి డైరెక్టర్ని పిలిపించారన్నమాట. నేను పదహారో రూలు మొత్తం వివరించాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. మౌనం ఎంతసేపని అడగలేదు, మాడిన అట్టు చూశారు. ఆ తర్వాత నన్నెరిగిన అయిదుగురిని అడుగుతానన్నారు. మా నాన్నని అడిగారు, మా పెద్దాణ్ణి అడిగారు, పక్కింటాయన్నీ వీధి చివర టీ కొట్టాయన్నీ అడిగారు, ఆఖర్న ఫోన్లో తన కొడుకుని, అంటే మా బావని అడిగారు.

అయిదుగురూ ఒకటే మాట చెప్పారు. ఆ పదిహేనింటిలోదే. అందరిలోకీ తొందరగా చెప్పింది మా బావ.