యోసేపు క్షమించాడు కదా, అక్కా!

(తండ్రి పోయాక, బ్యాంకు పనని చెప్పి అన్నయ్య ఇద్దరు చెల్లెళ్ళ చేత సంతకాలు పెట్టించుకున్నాడు. తీరా చూస్తే అవి వాటా వదులుకున్నట్టు రాసిన కాగితాలు. మాగాణి అమ్మేశాడు. అక్క కేసు వేసింది. ఇప్పుడు అన్నయ్య కూతురి పెళ్ళి శుభలేఖ వచ్చింది.)

చెల్లి: పెళ్ళికి వెళ్దాం అక్కా. దేవుడికి తెలియకుండా ఏదీ జరగదు. బైబిల్లో యోసేపును పదిహేడేళ్ళ వయసులో గుంటలో తోసి, ఇరవై వెండి నాణేలకు అమ్మేశారు సొంత అన్నలు. చివరికి ఆయనేమన్నాడు? మీరు కీడు తలపెట్టారు గానీ దేవుడు దాన్ని మేలుకే ఉద్దేశించాడన్నాడు.

అక్క: ఆ మాటన్నది గుంటలో పడినవాడు, తోసినవాళ్ళు కాదు. మొన్న అన్నయ్య ఫోన్ చేసి "అంతా దేవుని చిత్తం" అంటున్నాడు. సంతకం దేవుడు పెట్టించుకున్నాడా? నాన్న వీలునామా రాయలేదు. మన క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. కొడుకుకెంతో కూతురికీ అంతే. అది తెలిసే ఆ కాగితం రాయించాడు.

చెల్లి: మోసం కాదని నేనన్నానా? కానీ ఈ టెన్షన్‌తో నీకు నిద్ర లేదు. తీర్పు దేవుడిది. "నేను దేవుని స్థానంలో ఉన్నానా?" అని యోసేపే అన్నాడు.

అక్క: ఎప్పుడన్నాడు? ఆదికాండం 42 నుంచి నెమ్మదిగా చదువు. అప్పటికి ఐగుప్తులో పెద్ద అధికారి అయ్యాడు. కరువులో ధాన్యానికి వచ్చిన అన్నల్ని చూడగానే గుర్తుపట్టాడు, కానీ బయటపడలేదు. మీరు వేగులవాళ్ళన్నాడు. వాళ్ళలో షిమ్యోనును మిగతావాళ్ళ కళ్ళ ముందే కట్టించాడు. రెండోసారి వచ్చినప్పుడు అందరికంటే చిన్న తమ్ముడు బెన్యామీను గోనెలో తన వెండి గిన్నె పెట్టించాడు. ఈ తమ్ముణ్ణి కూడా వదిలేసి పోతారా లేదా అని చూశాడు. అప్పుడు ఆ అన్నల్లో ఒకడైన యూదా ముందుకొచ్చి, చిన్నవాడి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోమన్నాడు. యోసేపును అమ్మేద్దామన్నది ఆ యూదాయే! అది విన్నాకే యోసేపు ఆపుకోలేక ఏడ్చి, నేనే యోసేపునన్నాడు. మన అన్నయ్య నోట అలాంటి మాట ఒక్కటి వచ్చిందా?

చెల్లి: ఒకటి వదిలేశావక్కా. షిమ్యోనును కట్టించకముందే పక్కకెళ్ళి ఏడ్చాడు. తమ్ముడు బతిమాలుకున్నా వినలేదే అని అన్నలు తమలో తాము అనుకుంటుంటే విని ఏడ్చాడు. వాళ్ళ డబ్బు వాళ్ళ గోనెల్లోనే తిరిగి పెట్టించాడు, దారి బత్తెం ఇప్పించాడు. అప్పటికి యూదా మారాడో లేదో ఆయనకేం తెలుసు? ఇంటి దగ్గర పిల్లలు ఆకలితో ఉన్నారు, పంపించాడు. మన మేనకోడలు నీకేం చేసింది?

అక్క: దాన్ని నేనేమీ అనను. పెళ్ళికి వస్తాను, మేనత్తగా చేయాల్సింది చేస్తాను. కేసు మాత్రం వెనక్కి తీసుకోను.

చెల్లి: విశ్వాసులు ఒకరిమీద ఒకరు కోర్టుకెక్కే కంటే అన్యాయం సహించడం మేలని పౌలు రాశాడుగా, కొరింథు సంఘానికి.

అక్క: అన్యాయం చేసేవాళ్ళనీ అక్కడే మందలించాడు. తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడూ లేడా అని అడిగాడు. సరే, సంఘ పెద్దల ముందు కూర్చోబెట్టు. ఆ సంతకాలు ఎలా పెట్టించాడో తన నోటితో చెప్పమను. మర్నాడే కేసు తీసేస్తాను, పొలం రాకపోయినా సరే.

చెల్లి: చెప్పకపోతే?

అక్క: వాయిదాకు వెళ్తాను. వాడి కోసం ప్రార్థన మానను.

చెల్లి: నేను కోర్టుకు రాను. నా వాటా దేవుడికే వదిలేశాను.

అక్క: అది నీ ఇష్టం. పెద్దల దగ్గరికైనా వస్తావా?

చెల్లి: వస్తాను. జరిగింది జరిగినట్టే చెప్తాను.