మేయరు లేని తొమ్మిదేళ్లు: ఒక విజయవంతమైన ప్రయోగం

నగరాన్ని నడపడానికి ఎన్నికైన ప్రతినిధులు ఎంతవరకు అవసరమన్న ప్రశ్నపై పండితులు గ్రంథాలు రాసి ఊరుకున్నారే తప్ప, ప్రయోగం చేసి చూసిన ఘనత మాత్రం మన విశాఖపట్నానిది. మహా విశాఖ నగరపాలక సంస్థ పాలకవర్గానికి 2012లో గడువు తీరింది; తర్వాతి ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243-యు అధికరణ నిర్దేశిస్తున్నది. విలీనాలు, వార్డుల విభజన, వ్యాజ్యాలు, చిట్టచివర కరోనా అంటూ కారణాలకు లోటు లేకుండా చూసుకుంటూ, కాంగ్రెస్, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వాలు మూడూ ఈ ఒక్క విషయంలో చూపిన ఐకమత్యం మన రాజకీయాల్లో మరెక్కడా కనబడదు.

ప్రయోగం ఫలించడానికి కారణం చట్టంలోనే ఉంది. నగరపాలక సంస్థకు కౌన్సిల్, అందులోని కొందరు సభ్యులతో ఏర్పడే స్థాయీ సంఘం, కమిషనర్ అని మూడు అధికార పీఠాలు ఉన్నాయి. తీర్మానాలు మొదటి రెండింటివి, పని చేయించే అధికారం మూడవదానిది. ఆ కమిషనర్‌ను పంపేదీ, వెనక్కి పిలిచేదీ రాష్ట్ర ప్రభుత్వమే. ప్రథమ పౌరులైన మేయరు గారికి ఆయనను బదిలీ చేసే అధికారం లేదు గాని, సమావేశంలో ఆయన జవాబును ఓపికగా వినే అధికారం పుష్కలంగా ఉంది. అందువల్ల ఆ తొమ్మిదేళ్లు పాలకవర్గం స్థానంలో సాగిన ప్రత్యేకాధికారి పాలనలో పోయిందల్లా ప్రతిపాదనకూ ఆమోదానికీ నడుమ ఉండే చర్చ ఒక్కటే. దాన్ని కోల్పోయామని ఫైళ్లేవీ ఫిర్యాదు చేయలేదు.

పైగా నగర ప్రణాళిక విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థది, కరెంటు పంపిణీ సంస్థది, ట్రాఫిక్ పోలీసులది. పోర్టు, రైల్వే, నౌకాదళం భూముల సంగతి ఢిల్లీది. రాజ్యాంగ 74వ సవరణ పట్టణ సంస్థలకు పద్దెనిమిది అంశాలను అప్పగించవచ్చునన్నది, అప్పగించి తీరాలనలేదు. ఇంత సూక్ష్మమైన తేడాను ఇంత శ్రద్ధగా పాటించిన రాష్ట్రాలను మెచ్చుకోక తప్పదు. కార్పొరేటరుకు మాత్రం కాలువ పొంగిన రాత్రి వీధివారి ఫోన్లు ఎత్తే విధి ఎవరూ లాక్కోకుండా మిగిలింది.

తొమ్మిదేళ్లు ఒక్క మేయరూ లేని నగరానికి 2021లో తొంభై ఎనిమిది మంది కార్పొరేటర్లు, ఒక మేయరు, ఒక డిప్యూటీ మేయరు వచ్చారు. అదే ఏడాది చట్టాన్ని సవరించి రెండవ డిప్యూటీ మేయరు పదవినీ సృష్టించారు. మొదటివారికి తీరిక లేనంత పని ఉండేదన్న అపవాదు అప్పటికి ఎవరూ వేయలేదు. 2024లో రాష్ట్రంలో అధికారం చేతులు మారింది. 2025 ఏప్రిల్‌లో, ఎన్నికలు లేకుండానే, అదే కౌన్సిల్ అవిశ్వాస తీర్మానంతో మేయరు పీఠమూ చేతులు మారింది. ఓటరును మళ్లీ ఎండలో నిలబెట్టకుండా ఫలితాన్ని సరిదిద్దిన ఈ పద్ధతిలో పొదుపు కూడా ఉంది.

కనుక వినయపూర్వకంగా ఒక ప్రతిపాదన. 243-యు అధికరణలో ఎన్నికలు గడువులోగా జరపాలన్న చోట ‘రాష్ట్ర ప్రభుత్వానికి గెలుపుపై నమ్మకం కలిగిన పిమ్మట’ అని చేరిస్తే, ఇప్పటికే అమలులో ఉన్న విధానానికి రాజ్యాంగం కూడా కట్టుబడినట్లవుతుంది.