తప్పంతా రసాయనాలదే

ప్రమాదకర సరుకుల రవాణాలో భద్రత లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఐక్యరాజ్యసమితి 1956 నుంచి ఇదే పనిమీద ఉంది. పేలేవి, మండేవి, విషం కక్కేవి, ఇలా అన్నిటినీ తొమ్మిది తరగతుల్లో కూర్చోబెట్టి, ఒక్కోదానికి నాలుగంకెల నంబరు ఇచ్చింది. పెట్రోలు 1203, డ్రై ఐస్ 1845. ఇంత చేశాక కూడా ఓడలు తగలబడుతున్నాయంటే తప్పు రసాయనాలదే. వాటికి చదువు రాదు.

పంపేవాళ్లకు మాత్రం చదువు బాగా వచ్చు. ఉన్నదున్నట్టు రాస్తే ఛార్జీ ఎక్కువ, కొన్ని ఓడలు అసలు ఎక్కించుకోవు. అందుకని నీళ్లు శుద్ధి చేయడానికి వాడే, వేడి తగిలితే తనంతట తానే ఇంకా వేడెక్కి మంట రాజేసే కాల్షియం హైపోక్లోరైట్‌కి కాగితం మీద ఏదో సాధువైన పేరు పెడతారు. దాంతో ప్రమాదం అక్కడికక్కడే మాయం. సీలు వేసిన కంటైనర్‌ని, పైన ఆరూ కింద ఆరూ పేర్చాక, ఎవరు తెరిచి చూస్తారు?

చూడరని కాదు. మొన్న ఎయిర్‌పోర్టులో నా పవర్ బ్యాంకు చూశారు. దాని మీది చీమ తలకాయంత అక్షరాలను ఒకాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి రెండుసార్లు చదివాడు. బ్యాటరీ సామర్థ్యం 74 వాట్ అవర్లు. వంద లోపే కాబట్టి వదిలేశాడు.

నిజం రాసినవాళ్ల కథ ఇంకా బాగుంటుంది. 2021 మేలో ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడలో ఒక కంటైనర్ నుంచి నైట్రిక్ యాసిడ్ కారుతోంది. కాగితంలో ఉంది, కళ్లకూ కనిపిస్తోంది. ఖతార్‌లోని హమద్ పోర్టులో దించుకోమంటే కుదరదన్నారు. గుజరాత్‌లోని హజీరాలోనూ అదే మాట. పిలవని పేరంటానికి వచ్చిన చుట్టంలా గడప గడపకూ తిరిగి అది కొలంబో చేరింది. అక్కడ ఓడ అంటుకుని రోజుల తరబడి కాలింది. మొత్తం 1,486 కంటైనర్లు. తీరం పొడవునా పప్పుగింజలంత ప్లాస్టిక్ గుళికలు కొట్టుకొచ్చాయి. ఎవరి పోర్టు వాళ్లు శుభ్రంగా కాపాడుకున్నారు, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఇప్పుడు ఇంకో కష్టం వచ్చిపడింది. కట్టెబొగ్గు లోలోపలే వేడెక్కి అంటుకుంటోందని, 2026 జనవరి 1 నుంచి ఓడెక్కే ప్రతి బస్తానూ ప్రమాదకర సరుకుగానే ప్రకటించాలన్నారు. తనంతట తాను అంటుకోదని పరీక్షలో పాసైనట్టు కాగితం చూపించి తప్పించుకునే వీలు కూడా తీసేశారు. పాపం, ఎగుమతిదారులు ఇక కొత్త పేరు వెతుక్కోవాలి. ‘నల్లని గృహాలంకరణ సామగ్రి’ అంటే ఎలా ఉంటుంది?