ఆ కెప్టెన్ మాటల్లో నాకు సంజాయిషీ కనిపించలేదు

2024 అండర్-19 ప్రపంచకప్ ఫైనల్ ఓడాక, కొన్ని తొందరపాటు షాట్లు ఆడామని, క్రీజులో నిలవలేకపోయామని భారత జట్టు కెప్టెన్ ఉదయ్ సహారన్ చెప్పిన మాటలను మీ వ్యాసం సంజాయిషీగా కొట్టిపారేసింది. ఇది అన్యాయం. దక్షిణాఫ్రికాలోని బెనోనిలో జరిగిన ఆ ఫైనల్లో ఆస్ట్రేలియా పెట్టిన లక్ష్యం 254. మనవాళ్లు 174కే కుప్పకూలారు. పిచ్ మీదకో, అదృష్టం మీదకో నెపం నెట్టకుండా తమ బ్యాటింగే దెబ్బతీసిందని ఒప్పుకోవడానికి 19 ఏళ్ల కుర్రాడికి ఎంత ధైర్యం కావాలి!

ఆ సీజన్ నిరాశపరిచిన మాట నిజమే. 2023 డిసెంబరులో అండర్-19 ఆసియా కప్ సెమీస్‌లోనూ బంగ్లాదేశ్ చేతిలో ఓడారు. అయితే ప్రపంచకప్‌లో ఫైనల్‌కు ముందు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదన్న సంగతి వ్యాసంలో ఎందుకు లేదు? దక్షిణాఫ్రికాతో సెమీస్‌లో 245 ఛేదిస్తూ 32 పరుగులకే నాలుగు వికెట్లు పోయాక, సచిన్ దాస్‌తో కలిసి 171 పరుగులు జోడించి జట్టును గట్టెక్కించింది ఈ కెప్టెనే. 397 పరుగులతో టోర్నీలో అందరికంటే ముందున్నదీ అతనే. ఫైనల్లో ఎనిమిదికే అవుటయ్యాడు, జట్టు ఎంతగా అతని మీద ఆధారపడిందో ఆ రోజు తెలిసిపోయింది. విశ్లేషించాల్సింది దాన్ని.

ఇంకో మాట. ఫైనల్లో అంతా చేజారాక కూడా పోరాడి 42 పరుగులు చేసిన హైదరాబాద్ స్పిన్నర్ మురుగన్ అభిషేక్ పేరు వ్యాసంలో ఎక్కడా లేదు. తెలుగు పాఠకుల కోసం రాసినప్పుడు కనీసం ఒక వాక్యమైనా ఇవ్వాల్సింది, దయచేసి చేర్చండి.